వంటగట్టు గట్టిదే... మెరుపు మాటేమిటి?

గ్రానైట్ వేయించుకున్న ఇంట్లో ఏదో ఒకరోజు వచ్చే అనుమానమే: సీలర్ కొట్టించాలా, అక్కర్లేదా? డబ్బా కొనేముందు గట్టు మీద నాలుగు నీటి చుక్కలు వేసి చూడమంటోంది ఈ వారం ముఖచిత్ర కథనం.

ఫలక్‌నుమాలో కొండ మీదొక రాయి, కొండ కిందొక రాయి.

మీదున్నది పాలరాయి. పాయిగా వంశపు నవాబు వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేయించి, తొమ్మిదేళ్లు కట్టించుకున్న ప్యాలెస్ కోసం ఇటలీ నుంచి వచ్చింది. ఆ భవనం ఆయన నుంచి ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా చేతికి వెళ్లింది. 2010 నుంచి తాజ్ వాళ్ల హోటల్‌గా నడుస్తోంది. ఒకేసారి 101 మంది కూర్చుని తినే భోజనాల బల్ల ఉన్నది అక్కడే. కొండ దిగి ఇంజన్‌బౌలి వైపో, జహనుమా వైపో గల్లీల్లోకి మళ్లితే, ఇద్దరు పక్కపక్కన నిలబడలేని వంటిళ్లలో కూడా గట్టు మీద గ్రానైట్ కనిపిస్తుంది.

పాలరాయి మీద నిమ్మచెక్క పెట్టి మరచిపోతే మెరుపు పోయి మచ్చ తేలుతుంది. గ్రానైట్ అంత సుకుమారం కాదు. రంజాన్‌లో హలీం గిన్నె దింపినా, ఆషాఢంలో బోనం కుండకు పసుపు పూసినా, ఎండాకాలం ఆవకాయ కలిపినా ఓర్చుకుంటుంది. ఓర్చుకుంటుంది గనకే కొందరు దాన్ని పట్టించుకోరు, కొందరు అవసరానికి మించి పట్టించుకుంటారు. యాసిడ్ పోసి కడిగేవాళ్లున్నారు, ఇనప పీచుతో రుద్దేవాళ్లున్నారు, సీలరే అక్కర్లేని నల్లరాయికి ఏటా డబ్బులు పెట్టి పూయించేవాళ్లూ ఉన్నారు. ఇళ్లలో గ్రానైట్ పాడయ్యేది వంట వల్ల తక్కువ, శుభ్రం చేసే తీరు వల్ల ఎక్కువ.

రాయికి ఢోకా లేదు

హైదరాబాద్ నిలబడిందే గ్రానైట్ మీద. ఈ నగరం కిందున్న బూడిదరంగు, గులాబీరంగు రాతి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. గోల్కొండ కోట కూర్చున్నది ఆ రాతి గుట్ట మీదే. 1591లో కట్టిన చార్మినార్‌లో, ఆ పక్కనున్న మక్కా మసీదులో వాడింది ఈ రాయినే. మసీదు కడుతుండగా చూసిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే, అందులోని ఒక పెద్ద బండను గనిలోంచి తీయడానికే అయిదేళ్లు పట్టిందనీ, దాన్ని 1400 ఎడ్లు లాగాయనీ రాశాడు.

2019 మే నెలలో చార్మినార్ మినారు నుంచి ఒక ముక్క ఊడిపడి నగరమంతా ఉలిక్కిపడింది. ఊడింది పైనున్న సున్నపు గచ్చు. లోపలి రాయి చెక్కుచెదరలేదు. హుస్సేన్‌సాగర్ బుద్ధుడి సంగతి ఇంకా చిత్రం. భువనగిరి దగ్గర రాయగిరి రాతిలో చెక్కిన ఆ ఏకశిలా విగ్రహం, 1990 మార్చిలో పడవతో సహా సాగర్‌లో మునిగిపోయింది. 1992 డిసెంబరులో బయటికి తీసి నిలబెట్టారు. రెండున్నరేళ్లకు పైగా నీటి అడుగున ఉన్నా రాయికేమీ కాలేదు.

అంతటి రాతిని మన వంటింటి నీళ్లు ఏం చేస్తాయి? ఏమీ చేయలేవు. సీలర్ కాపాడేది దాని రూపాన్ని మాత్రమే. నూనె ఇంకి నల్లబడ్డ మచ్చ, సింకు ముందు ఎప్పుడూ తడిసినట్టుండే చార, పసుపు మరక... ఇవి చూపుకు బాధ, రాతికి కాదు. ఈ తేడా తెలిస్తే సగం భయం, సగం ఖర్చు తగ్గుతాయి.

ఆ మాటకొస్తే మన వంటింటికి రాయి కొత్త కాదు. రోలు, రుబ్బురోలు, సన్నికల్లు, విసుర్రాయి తరతరాలుగా ఉన్నవే. వాటికి గరుకుతనం కావాలి. నునుపెక్కితే పిండి మెదగదని కక్కు కొట్టించేవాళ్లు. గట్టుకు కావలసింది నునుపు. ఫ్యాక్టరీలో వజ్రపు పొడి బిళ్లలతో, ముతక నుంచి సన్నం దాకా ఒకదాని తర్వాత ఒకటిగా అరగదీస్తేనే పలకకు ఆ అద్దం మెరుపు వస్తుంది. ఇంట్లో కాపాడుకోవలసింది ఆ పైపొరనే.

అన్నీ గ్రానైట్లు కావు

దుకాణంలో గ్రానైట్ అని అమ్మేవన్నీ ఒక జాతి రాళ్లు కావు. అసలైన గ్రానైట్‌లో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అభ్రకం కలిసి ఉంటాయి. కరీంనగర్ నుంచి వచ్చే టాన్ బ్రౌన్ లాంటివి ఈ కోవలోకే వస్తాయి. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో దొరికే బ్లాక్ గెలాక్సీ ప్రపంచమంతా పేరున్న రాయి. నల్లటి పలకలో బంగారు చుక్కలు మెరుస్తుంటాయి. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. భూగర్భ శాస్త్రవేత్తలు మాత్రం దాన్ని గ్రానైట్ అనరు, గాబ్రో జాతిలో చేరుస్తారు. వ్యాపారానికి అదంతా పట్టదు. గట్టిగా ఉండి పాలిష్ పట్టే రాయి ఏదైనా దుకాణంలో గ్రానైటే.

ఇంట్లో వాడేవాళ్లకు మాత్రం ఈ తేడా అవసరం. నల్లరాళ్లలో చాలావరకు కణాలు బిగుతుగా అల్లుకుని ఉంటాయి, నీళ్లు ఇంకడానికి సందు తక్కువ. రామప్ప గుడిలో నల్లరాతి మదనికలనూ, స్తంభాలనూ చూసినవాళ్లకు ఆ బిగువు ఏమిటో తెలుసు. 1213లో కట్టిన గుడిలో ఆ నునుపు ఈనాటికీ చేతికి తగులుతుంది. తెల్లవి, లేత బూడిదవి, గోధుమరంగు కలిసిన తెలుపు రాళ్లలో చాలావాటికి పీల్చే గుణం ఎక్కువ. మరక పడితే కనిపించేదీ వాటి మీదే. మేస్త్రీలు ఒక్క ముక్కలో చెప్పేస్తారు: “నల్లదానికేం గాదమ్మా, తెల్లదే జెర చూస్కోవాలె.”

పీల్చడమంటే ఎంత? భవనాలకు వాడే గ్రానైట్ తన బరువులో 0.4 శాతానికి మించి నీళ్లు పీల్చకూడదని అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం సీ615 చెబుతుంది. రెండు సెంటీమీటర్ల మందం, ఒక చదరపు మీటరు పలక బరువు సుమారు 53 కిలోలు. అంటే ఆ లెక్కన అది తాగగలిగే నీళ్లు మహా అయితే 210 గ్రాములు, ఒక గ్లాసెడు. కొంచెమే కదా అనిపిస్తుంది. కానీ ఆ గ్లాసెడు చోటులోకి నీటికి బదులు పోపు నూనె వెళితే తీయడం కష్టం.

పాత ఇళ్లలో కనిపించే కడప నల్లరాయి, తాండూరు, షాబాద్ పలకలు మరో కుటుంబం. అవి సున్నపురాళ్లు. వాటికి పులుపు పడదు. నిమ్మరసం, చింతపండు గుజ్జు, వెనిగర్ తగిలినచోట తెల్లగా పాలిపోయి గరుకుగా తేలుతాయి. దాన్ని మరక అనుకుని రుద్దుతుంటారు గానీ అది రాయి కరిగిన చోటు. ఏ సీలరూ దాన్ని ఆపలేదు. మీ గట్టు కడపరాయో గ్రానైటో తెలియకపోతే, కనపడని మూల ఒక చుక్క నిమ్మరసం వేసి పది నిమిషాలకు తుడవండి. మెరుపు పోతే అది సున్నపురాయి. ఈ కథనంలో చెప్పే సీలర్ సంగతులు దానికి పూర్తిగా వర్తించవు.

నాలుగు చుక్కలు, పావుగంట

సీలర్ కావాలా వద్దా అని చెప్పేది కంపెనీ కాదు, ఏడాది లెక్కా కాదు. నీళ్లు చెబుతాయి.

రాత్రి గిన్నెలు సర్దాక గట్టు తుడిచి ఆరనివ్వండి. పొద్దున పొయ్యి వెలిగించకముందే నాలుగు చోట్ల రూపాయి బిళ్లంత నీటి చుక్కలు వేయండి. పొయ్యి పక్కన ఒకటి, సింకు ముందు ఒకటి, కూరగాయలు తరిగే చోట ఒకటి, ఎవరూ వాడని మూల ఒకటి. గడియారం చూసుకుని పావుగంట ఆగండి. లేతరంగు రాయి అయితే కొన్నిసార్లు అయిదు నిమిషాలకే తేడా తెలిసిపోతుంది. చుక్క అంచు చుట్టూ సన్నటి ముదురు గీత పడుతుంది, అది మెల్లగా బయటికి పాకుతుంది. చుక్క పైకి పూసలా ఉబ్బకుండా చదునుగా పరుచుకుంటుంది. పావుగంటకు గుడ్డతో అద్ది తీస్తే కింద తడి అచ్చు ఉండిపోతుంది.

చుక్క తీసినచోట రంగు మారకపోతే ఆ గట్టుకు సీలర్ పని లేదు. ఆరు నెలల తర్వాత మళ్లీ చూసుకోవచ్చు. మూల బాగుండి పొయ్యి పక్కనే అచ్చు పడితే, పాత సీలర్ అక్కడ అరిగిపోయిందని అర్థం. నాలుగుచోట్లా అచ్చు పడితే మొత్తానికి పూయాలి. తడి అచ్చు గంటా రెండు గంటల్లో ఆరి మాయమవుతుంది, కంగారు అక్కర్లేదు.

తెల్లరాయి ఉన్నవాళ్లు రెండు సందర్భాలకు ముందు ఈ పరీక్ష చేసుకుంటే మంచిది: ఎండాకాలం ఆవకాయ జాడీలు దింపే ముందొకసారి, దసరాకు ఇల్లు దులిపేటప్పుడొకసారి.

సీలర్ చేసేది, చేయలేనిది

సీలర్ అంటే గట్టు మీద అంటుకునే వార్నిష్ అని చాలామంది అనుకుంటారు. వంటింటికి వాడవలసిన రకం లోపలికి ఇంకేది. సిలేన్, సిలోక్సేన్, ఫ్లోరో పాలిమర్ లాంటి పదార్థాలు రాతి సందుల్లోకి వెళ్లి గోడలకు పట్టుకుంటాయి. నీళ్లు, నూనె లోపలికి దిగకుండా నెడతాయి. సందులు మూసుకుపోవు, రాతిలోని తేమ ఆవిరై బయటికి పోగలుగుతుంది. డబ్బా మీద నీటినీ నూనెనూ రెండింటినీ ఆపుతుందని ఉందో లేదో చూసి కొనాలి. కొన్ని నీళ్లను మాత్రమే ఆపుతాయి. మన వంటకు అది చాలదు.

సీలర్ మెరుపు తేదు. పోయిన పాలిష్‌ను వెనక్కి తేదు. గీతలు పూడ్చదు. పడ్డ మరకను తీయదు, పైపెచ్చు మరక ఉండగా పూస్తే దాన్ని లోపలే బంధిస్తుంది. మరక పడకుండా ఆపడం కూడా దాని పని కాదు, ఆలస్యం చేయడమే. ఒలికిన నూనెను పావుగంటలో తుడిస్తే చాలు, రాత్రంతా వదిలేస్తే సీలర్ ఉన్నా ఇంకుతుంది.

మైనం పూత, పారదర్శక వార్నిష్‌ల జోలికి వంటింట్లో వెళ్లొద్దు. వేడి గిన్నె తగిలితే అవి పొరలుగా లేస్తాయి. కడపరాయికి కొబ్బరినూనె రాసి నిగనిగలాడించే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. గ్రానైట్‌కు అది చేస్తే ఒక్కోచోట ఒక్కో రంగు తేలుతుంది, దుమ్ము పడుతుంది, కొన్నాళ్లకు కనరు వాసన వస్తుంది.

పూసేది మనమే అయితే

పెద్ద విద్యేం కాదు, ఓపిక ఉంటే చాలు. కొత్తగా వేయించిన గట్టుకు వెంటనే పూయొద్దు. కింద సిమెంటులో తడి ఉంటుంది. అది రాతిలోంచి పైకి ఆరాలి, అందుకు కొన్ని వారాలు పడుతుంది. తొందరపడితే పలక మధ్యలో ముదురు మచ్చలుగా నిలిచిపోతుంది. వానాకాలం ముసురులో ఈ పని పెట్టుకోకపోవడమే నయం.

ముందురోజు గోరువెచ్చటి నీళ్లలో గిన్నెల సబ్బు రెండు చుక్కలు వేసి తుడిచి, మంచినీళ్లతో మళ్లీ తుడవండి. పొయ్యి పక్క జిడ్డుకు మెత్తటి గుడ్డతో సర్జికల్ స్పిరిట్ వాడొచ్చు. తర్వాత ఒక రోజంతా గట్టు మీద నీళ్లు పడనివ్వకూడదు. ఆ పూట వంట బయటో, పొరుగింట్లోనో! సీలర్‌లో చాలావాటికి మంట అంటుకునే ద్రావకం ఉంటుంది. స్పిరిట్ వాడేటప్పుడూ సీలర్ పూసేటప్పుడూ పొయ్యి ఆపి, సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసి, కిటికీ తెరిచి, చేతికి గ్లౌజులు వేసుకున్నాకే మూత తీయాలి.

మొదట మూల ఒక అడుగు మేర పూసి చూడండి. రంగు ముదిరితే ఆ సీలర్ మీ రాతికి పనికిరాదు. నచ్చితే పోగులు రాలని గుడ్డతో రెండు మూడు చదరపు అడుగుల చొప్పున పలచగా పూస్తూ పోవాలి. డబ్బా మీద రాసినన్ని నిమిషాలే ఉంచాలి. మామూలుగా అది అయిదు నుంచి పదిహేను నిమిషాలు. ఆలోగా రాయి తాగగా మిగిలినదాన్ని పొడిగుడ్డతో పూర్తిగా తుడిచేయాలి. పని చెడేది ఇక్కడే. ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ పడుతుందని వదిలేస్తే పైన ఆరి జిగటగా, మసకగా పొర కడుతుంది. నల్లరాతి మీద అయితే తాగే చోటే ఉండదు కనుక ఆ పొర ఇంకా వికారంగా కనిపిస్తుంది. అలా జరిగితే అదే సీలర్ కొంచెం మళ్లీ పూసి, పొర మెత్తబడగానే తుడిచేయండి, చాలావరకు వచ్చేస్తుంది.

లేతరాయికి రెండో పూత పడొచ్చు, విరామం ఎంతో డబ్బా చెబుతుంది. కనీసం ఒక రోజు గట్టు తడవకూడదు. ఆ తర్వాత మళ్లీ నాలుగు చుక్కల పరీక్ష. చుక్క పూసలా నిలబడితే పని కుదిరినట్టే.

పసుపు, నూనె, చింతపండు

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అనలేదు. అయినా వంటిల్లన్నాక మరక తప్పదు. ఏ మరకకు ఏ మందో తెలియాలి.

పసుపు సంగతి మన ఇళ్లలో అందరికీ తెలుసు. పసుపు పడిన చీరకు సబ్బు రాస్తే మరక ఎర్రబడుతుంది, ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది, వెలుతురుకు విరిగిపోతుంది. గట్టు మీదా అంతే జరుగుతుంది. తెల్ల గ్రానైట్ మీద పసుపు మరకకు వంటసోడా రుద్దితే పచ్చటిది కాస్తా కుంకుమరంగుకు తిరుగుతుంది, రుద్దినవాళ్ల గుండె జారుతుంది! గట్టును ఎండలో పెట్టలేం కనుక మందుల దుకాణంలో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ తెచ్చుకోవాలి. తెల్లటి టిష్యూ కాగితాన్ని నాలుగు మడతలు వేసి, దాంతో తడిపి, మరక మీద పరిచి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి అంచులకు టేపు వేయండి. ఒక రాత్రి ఆగి కవరు తీసి కాగితం దానంతట అదే ఆరనివ్వండి. ఆరేటప్పుడే లోపలి రంగు కాగితంలోకి లాగబడుతుంది. ఒకసారికి పోకపోతే మళ్లీ చేయొచ్చు. టీ, చింతపండు, మిర్చీ సాలన్ మరకలకూ ఇదే మందు. నల్లరాతి మీద మాత్రం మూల చూసుకున్నాకే వాడాలి, రంగు పాలిపోవచ్చు.

నూనె మచ్చకు పెరాక్సైడ్ పనిచేయదు. టాల్కం పౌడర్‌లో అసిటోన్ కలిపి ముద్దలా చేసి మచ్చ మీద వేలు మందాన పట్టించి, పైన అదే విధంగా కవరు కప్పాలి. అసిటోన్ చప్పున మండుతుంది, పొయ్యి దరిదాపుల్లో వెలగకూడదు. ఒకరోజు ఆగి ఆరిన పొడి తుడిచేస్తే నూనె చాలావరకు దాంతోపాటే వస్తుంది. ఒక హెచ్చరిక: అసిటోన్‌నూ పెరాక్సైడ్‌నూ కలపడం ప్రమాదం. ఒకదాని తర్వాత ఒకటి వాడాలన్నా మధ్యలో కడిగి ఆరబెట్టాలి. బ్లీచింగ్‌ను యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుందని కూడా మరవొద్దు.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో నల్లా చుట్టూ తెల్లటి పొర కడుతుంది. అది నీటిలోని కాల్షియం. దానికోసమే ఎక్కువమంది టాయిలెట్ క్లీనర్ తీస్తారు. యాసిడ్ తెల్లపొరను నిమిషంలో కరిగిస్తుంది, దాంతోపాటు అతుకుల సిమెంటునూ తింటుంది, సీలర్‌నూ పాడుచేస్తుంది. తడిగుడ్డ పరిచి నాననిచ్చి, పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో గీకితే పొర లేస్తుంది. తుప్పు మరకలు తీస్తామని అమ్మే కొన్ని ద్రావణాల్లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. గ్రానైట్‌ను నిజంగా కరిగించే ఆమ్లం అదొక్కటే, మనిషికీ అది ప్రాణాంతకం. ఇంట్లోకే రానివ్వొద్దు.

రోజూ చేసేది కొంచెమే

గిన్నెల సబ్బు చుక్క కలిపిన నీళ్లు, మెత్తటి గుడ్డ, ఆ తర్వాత పొడిగుడ్డ. ఇంతకు మించి రోజువారీ సేవ అక్కర్లేదు. సబ్బు ఎక్కువైతే పొర కట్టి మెరుపు మసకబారుతుంది, రాయి పాడైందని పొరపడతాం. క్వార్ట్జ్ గట్టితనం ఏడు, ఫెల్డ్‌స్పార్‌ది ఆరు, ఉక్కు కత్తిది అంతకంటే తక్కువ. అందుకే గట్టు మీద తరిగితే రాయికి కాదు, కత్తికి నష్టం. కానీ ఇసుకలోనూ క్వార్ట్జే ఉంటుంది. గిన్నెలు తోమే పొడి, గరుకు స్క్రబ్బర్, మార్కెట్ నుంచి తెచ్చిన ఆకుకూర కట్టలతో వచ్చిన ఇసుక ఏళ్ల తరబడి ఒకేచోట రాసుకుంటే అద్దం మెరుపు అరుగుతుంది. అరిగిన చోటుకు మిషన్ పాలిష్ తప్ప ఇంట్లో వైద్యం లేదు.

వేడికి గ్రానైట్ భయపడదు. అయినా పొయ్యి మీంచి తీసిన కుక్కర్‌ను చల్లటి తడిగట్టు మీద అదేచోట రోజూ దింపడం మంచిది కాదు. సింకు కోసం కోసిన మూలల్లో పలక సన్నగా ఉంటుంది, పగులు మొదలయ్యేది అక్కడే. పలక అతుకుల్లోనూ వెనకాలా రెజిన్ ఉంటే వేడికి అది పచ్చబడుతుంది. చెక్కపీట ఒకటి గట్టు మీద పెట్టుకుంటే ఈ గొడవంతా ఉండదు.

ముక్క అడిగి తెచ్చుకోండి

ఇవన్నీ గట్టు వేశాక చూసుకునేవి. అసలు తెలివి కొనే చోట ఉండాలి. పలక బేరం కుదిరాక డబ్బులిచ్చేముందు, అదే పలక నుంచి కోతలో మిగిలిన చెయ్యంత ముక్క అడగండి. “అన్నా, ఈ రాయిదే ఒక ముక్క ఇయ్యి, ఇంట్ల చూస్కొని రేపొస్తా” అంటే కాదనే దుకాణదారు తక్కువ. కాదంటే ఎందుకన్నాడో ఆలోచించాలి.

ఆ ముక్క మీద రాత్రి నాలుగు చుక్కలు వేయండి: నూనె, పసుపు నీళ్లు, నిమ్మరసం, టీ. పొద్దున కడిగి చూడండి. నల్లరాయి అయితే ఇంకో పని కూడా ఉంది. తెల్లగుడ్డ మీద కొంచెం అసిటోన్ వేసి గట్టిగా తుడవండి. గుడ్డకు నలుపు అంటితే అది బూడిద రాతికి రంగు పూసి అమ్ముతున్న సరుకు. వంటింట్లోకి వచ్చాక పులుపుకూ సబ్బుకూ ఆ రంగు దిగి మచ్చలు తేలుతాయి.

నాలుగు చుక్కల్లో ఏదీ అచ్చు వేయకపోతే సీలర్ డబ్బులు జేబులోనే ఉంచుకోండి, మేస్త్రీ ఎంత బలవంతపెట్టినా సరే. నిమ్మరసం దగ్గర మెరుపు పోయిందా, అది పేరుకే గ్రానైట్, ఆ బేరం మానుకోవడమే మంచిది. నూనె, పసుపు మాత్రమే అచ్చు వేశాయంటే రాయి మంచిదే, కాకపోతే తాగుతుంది. రంగు మనసుకు నచ్చితే నిస్సంకోచంగా తెచ్చుకోండి. దాంతోపాటు సీలర్ డబ్బా ఖర్చు, ఆరు నెలలకోసారి పావుగంట పరీక్ష కూడా లెక్కలో వేసుకుని తెచ్చుకోండి.